వాలు తీసేసిన రోజు

ఆ వేసవి మొత్తం నేను పన్నెండడుగుల వెడల్పులోనే బతికాను. పగలంతా నర్సమ్మగారి పునాది గోతిలో, మిగతా వేళల్లో మామయ్య ఇంట్లో. రెండూ ఇంచుమించు ఒకే కొలత. తేడా ఏమిటంటే, గోతిలో ఉన్నప్పుడు మామయ్య గట్టుమీద నిలబడి నన్ను చూసేవారు, ఇంట్లో ఉన్నప్పుడు కర్టెన్‌కి అవతల పడుకుని దగ్గేవారు.

నేను ఇల్లరికం అల్లుణ్ణి. ఆ మాట చెప్పగానే జనం మూతి పక్కన కనిపించే నవ్వు నాకు బాగా తెలుసు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి అయిదేళ్ళు మామయ్య ఇంట్లో తిన్నాను, మామయ్య మట్టి తవ్వే మెషీను నడిపాను, మామయ్య చూపించిన చోట తవ్వాను. అత్తయ్య మా పెళ్ళికి ముందే పోయింది. ఆయనకి ఉన్నది ఒక కూతురు, ఒక మెషీను. రెండూ నా చేతిలో పెట్టానని, ఒకదానికి గీత పడినా ఊరుకోనని ఆయన పదిమందిలో అనేవారు. ఆ ఒకటీ ఏదో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పనివాళ్ళంతా ఆయన్ని జానెడు మేస్త్రీ అంటారు. మనిషి ఆరడుగులు. పేరు ఎందుకొచ్చిందంటే ఆయన టేపు పట్టరు. గోడమీద అరచెయ్యి చాపి నాలుగు జానలు వేసి "ఇక్కడికి" అన్నారంటే అంతే. తర్వాత ఇంజనీరు వచ్చి టేపు పెట్టి చూసి, ఏమీ అనకుండా చుట్టుకుని వెళ్ళిపోయేవాడు. పెద్ద మెషీన్లు దూరలేని చోట్లే మా పని. సందుల చివర, ఇళ్ళ వెనకాల, రెండు గోడల మధ్య. మా మెషీన్ని బుడ్డది అనేవాళ్ళం. చక్రాల బదులు కింద ఉండే చైన్లు లోపలికి లాగితే దాని వెడల్పు రెండున్నర అడుగులు. లావుపాటి మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన సందులోకి కూడా అది నిక్షేపంగా వెళ్ళిపోయేది.

నర్సమ్మగారు ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో పగలూ రాత్రీ డ్యూటీలు చేసి కొనుక్కున్న జాగా అది. పన్నెండడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు, రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్ళు, రోడ్డు నుంచి రావడానికి మూడడుగుల సందు. తవ్వడం మొదలుపెడితే మూడడుగులకి చెత్త వచ్చింది, ఆరడుగులకి ఇటుకముక్కలు, కుళ్ళిన గుడ్డలు. ఎప్పుడో ఎవరో పూడ్చేసిన గుంట. గట్టినేల తగలాలంటే పదకొండడుగులు దిగాలి. వానలు మొదలయ్యేలోపు అడుగున కాంక్రీటు పడాలి, లేకపోతే పక్కిళ్ళ గోడలు మా గోతిలోకి వచ్చి కూర్చుంటాయి. అందుకని రెండు పక్కలా పలకలు నిలబెట్టి, మధ్యలో అడ్డకర్రలు బిగించి, వాటి కింద నేనూ బుడ్డదీ పనిచేసేవాళ్ళం. బకెట్ తిప్పేటప్పుడు వెనక భాగం గోడకి తగలకూడదు, ముందు చెయ్యి కర్రకి తగలకూడదు. పొగ పైకి పోయే దారి లేక నా చుట్టే తిరిగేది. తలెత్తితే కర్రల మధ్య ఆకాశం ముక్కలు, వాటికి అడ్డంగా మామయ్య.

ఇలాంటి చోట తవ్వడానికి ఒక పద్ధతి ఉంది. సందు వైపు మట్టిని తీయకుండా ఏటవాలుగా వదిలేస్తాం. దాన్నే వాలు అంటాం. మెషీను దిగేదీ ఎక్కేదీ దానిమీదే, మట్టితట్టలు మోసేవాళ్ళు నడిచేదీ దానిమీదే. వెనక నుంచి తవ్వుకుంటూ ముందుకు వస్తాం. ఆఖరి రోజు మెషీను వాలుమీదుగా పైకెక్కి, పైన నిలబడి, చెయ్యి చాపి ఆ వాలుని తీసేస్తుంది. అందని అడుగుమట్టి పారలతో తీస్తారు. అంటే వాలు మీద చెయ్యిపడితే పని అయిపోయినట్టే. మామయ్య ప్రతిరోజూ పొద్దున రాగానే వాలుని మడమతో తొక్కి చూసి, "ఇది నాది. దీని జోలికి రాకు," అనేవారు. అయిదేళ్ళలో ఆ మాట వినకుండా నేను ఇంజను స్టార్ట్ చేసింది లేదు.

క్వారీ ఉద్యోగం సంగతి మా ఆవిడ పట్టుకొచ్చింది. తను జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. ఎవరో ఆ దరఖాస్తు కాపీ తీయించుకోవడానికి వస్తే, ఇంకో కాపీ తీసి మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"పెద్ద మెషీన్లట. కూర్చోడానికి అద్దాల క్యాబిన్ ఉంటుందట. క్వార్టర్స్ కూడా ఇస్తారట," అంది, గిన్నెలు తోముతూ, కుళాయి చప్పుడు చాటున.

"మీ నాన్నకి ఎవరు చెప్తారు?"

"మీరే. నేను చెప్తే అన్నం మానేస్తాడు. మీరు చెప్తే మాటలు మానేస్తాడు. మాటలు మానేస్తే మనకి పోయేదేముంది?"

నేను నవ్వాను. తను నవ్వలేదు. కుళాయి కట్టేసి, గొంతు తగ్గించి అంది, "నాకు మేడలూ మిద్దెలూ వద్దండీ. తలుపు వేసుకుంటే లోపల మనమిద్దరమే ఉండే గది ఒకటి చాలు. ఈ అయిదేళ్ళలో నేను మీతో గట్టిగా పోట్లాడింది కూడా లేదు, తెలుసా? ఇక్కడ పోట్లాడటానికి చోటెక్కడ?"

క్వారీవాళ్ళు మెషీను ఎక్కించి పరీక్ష పెట్టారు, నెగ్గాను. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలన్నారు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ సీటు వరసలో తర్వాతివాడికి పోతుంది. మామయ్యకి గోతి దగ్గరే చెప్పాను, ఇంట్లో చెప్పే ధైర్యం లేక.

"గొయ్యి పూర్తిచేసే వెళ్తాను, మామయ్యా. నెలాఖరుకి అయిపోతుంది."

ఆయన విన్నారు. రుమాలు తీసి మెడ తుడుచుకుని, మట్టి మోసే ముఠా పెద్దని పిలిచారు. ఆయన్ని అందరం తట్టాయన అంటాం. "దొరగారు పని మొదలుపెడతారేమో కనుక్కో," అన్నారు. దొరగారు అంటే నేను, మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. టీ వస్తే తట్టాయనతో కబురు. అన్నం వేళయితే తట్టాయనతో కబురు. పాపం ఆయనకి మట్టి మొయ్యడం కంటే మా కబుర్లు మొయ్యడమే ఎక్కువ పనైంది. తవ్వేటప్పుడు మాత్రం సైగలుండేవి. అవి ఎప్పుడూ ఉన్నవే, ఇంజను మోతలో మాట వినపడదు కదా. అరచెయ్యి కిందికి తిప్పి లాగితే అక్కడ తియ్యమని, పిడికిలి బిగిస్తే ఆపమని. గోతిలో కూర్చున్నవాడికి పైన ఏముందో కనపడదు కాబట్టి ఆ చెయ్యి ఏమంటే అది చెయ్యడమే.

నర్సమ్మగారు డ్యూటీ దిగి రోజూ ఓసారి వచ్చి చూసి పోయేవారు. ఒకరోజు మామయ్య "ఎన్ని గదులు వేయిస్తారమ్మా?" అంటే, ఆవిడ నవ్వి, "మేస్త్రీగారూ, ఈ వారంలో నాలుగోసారి అడుగుతున్నారు. కిందొకటి, మీదొకటి," అన్నారు. మేమందరం నవ్వాం. ఆవిడ మాత్రం నవ్వు మధ్యలో ఆపి, ఆయన్ని కాసేపు అలా చూశారు. నేను దాన్ని పట్టించుకోలేదు. నా లెక్కంతా ఒకటో తారీఖు మీదే ఉంది.

నెలాఖరుకి ఇంకా పదహారు రోజులున్నాయనగా, ఒక పొద్దున నేను వెనక మూల తవ్వుతున్నాను. మామయ్య చప్పట్లు కొట్టారు. తిరిగి చూస్తే సందు వైపు నిలబడి వాలుని చూపిస్తున్నారు. అరచెయ్యి కిందికి తిప్పి లాగారు. నేను మెషీను తిప్పి, ఆగి, పైకి చూశాను. మళ్ళీ అదే సైగ చేశారు. ఇంజను ఆపేశాను.

"ఏం చూస్తున్నావ్?" అన్నారు. ఎన్నో రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "కానివ్వు."

ఒక్క మాట అడిగి ఉండాల్సింది. వాలు తీస్తే మెషీను పైకెలా వస్తుంది మామయ్యా అంటే సరిపోయేది. కానీ నాకూ రోషం ఉంది. దొరగారు అన్నారుగా, సరే, మీ మెషీను, మీ గొయ్యి, మీ వాలు, మధ్యలో నాకెందుకు అనుకున్నాను. ఇంజను స్టార్ట్ చేశాను. గోతి అడుగున నిలబడి, నేను బయటికి రావలసిన దారిని బకెట్ బకెట్‌గా నా వైపే లాక్కున్నాను. మట్టిని గిలకతో పైకి లాగి వచ్చినదాన్ని వచ్చినట్టే బండ్లలో పంపేశారు. మధ్యాహ్నానికి నా ముందు నిట్టనిలువు గోడ.

అన్నానికి ఎక్కడానికి నిచ్చెన తెప్పించాల్సి వచ్చింది. నిచ్చెన వేస్తూ తట్టాయన అడిగాడు, "మరి బుడ్డది ఎలా ఎక్కుద్ది మేస్త్రీ?"

మామయ్య గోతిలోకి చూశారు. చాలాసేపు చూశారు. "ఎక్కుద్దిలే," అని టవల్ దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

సాయంత్రం కర్టెన్‌కి ఇవతల మా ఆవిడ గొంతు ఇక తగ్గలేదు.

"కావాలనే చేశాడు. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసినవాడు వాలు ముందు తీయిస్తాడా? క్రేను ఆ సందులోకి రాదు, పోయిన మట్టి తిరిగి రాదు. మెషీను లోపలుంటే మీరు లోపలే ఉంటారు. ఒకటో తారీఖు దాటేదాకా ఆ గోతిలోనే ఉంచుతాడు. కన్నకూతురి మీద ఇంత పగా?"

అవతల దగ్గు ఆగిపోయింది. ఆయనకి ప్రతి మాటా వినపడింది. పొద్దున కాఫీ గ్లాసు ఆయన ముందు ఠప్పున పెట్టి, తను నేరుగానే అడిగింది, "కావాలనే చేశావు కదూ, నాన్నా?"

మామయ్య గ్లాసు చుట్టూ చేతులు పెట్టి కూర్చున్నారు. తర్వాత "అవును," అన్నారు. "కావాలనే."

తను ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మనిషిని ఇల్లరికం తెచ్చుకున్నంత మాత్రాన గోతిలో పెట్టి మూత వేస్తారా అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ ఆయన మొహం చూడలేదు.

అయిదో రోజు తెల్లవారుజామున ఒక జల్లు పడింది. అసలు వానలకి ఇంకా టైముంది గానీ, గోతిలో చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. పలకల వెనక మట్టి మెత్తబడి చిన్నచిన్నగా రాలుతోంది. నేను పొద్దున్నే వెళ్ళి నిచ్చెన దిగి బకెట్లతో నీళ్ళు తోడుతున్నాను. ఇంకా ఎవరూ రాలేదు. పైన సందులో మామయ్య చెప్పుల చప్పుడు వినిపించింది. నేను తలెత్తలేదు. చప్పుడు గోతి అంచు దాకా వచ్చింది, ఆగలేదు.

తలెత్తేసరికి ఆయన చెప్పు అడుగు కనిపించింది. వాలుని తొక్కి చూడటానికి మడమ చాపి ముందుకు దిగారు, అక్కడ వాలు లేదు. మొదటి అడ్డకర్ర చంకల కింద తగిలి ఆయన దానికి వేలాడారు. టిఫిన్ డబ్బా నా పక్కన నీళ్ళలో పడింది. నిచ్చెన ఎలా ఎక్కానో తెలియదు. నడుము పట్టుకుని పైకి లాగి సందు గోడకి ఆనించి కూర్చోబెట్టాను. చంక దగ్గర చొక్కా చిరిగి రక్తం వస్తోంది. ఆయన దాన్ని చూసుకోవడం లేదు.

"వాలు ఏది?" అన్నారు.

నేను ఇంకా ఆయాసపడుతున్నాను.

"వాలు ఎవరు తీశారు? నేను లేనప్పుడు ఎవడు తీశాడు?"

"నేనే తీశాను, మామయ్యా."

"నిన్నెవరు తీయమన్నారు?"

 ఆ కోపం నాటకం కాదు. అయిదేళ్ళుగా ఆయన కోపాలన్నీ భరించినవాణ్ణి, ఏది నిజం కోపమో నాకు తెలుసు. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన కూడా నా మొహం చూస్తున్నారు, చూస్తూ చూస్తూ ఆ కోపం మధ్యలోనే ఆగిపోయింది. కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని అరచెయ్యి చూసుకున్నారు.

"నేనేనా?" అన్నారు.

నేను తలూపాను. తట్టాయన వాళ్ళు మాట్లాడుకుంటూ సందులోకి వస్తున్నారు. మామయ్య లేచి నిలబడి, చిరిగిన చొక్కా మీద టవల్ కప్పుకుని, "నీళ్ళు తోడండి," అన్నారు.

బుడ్డదాన్ని విప్పి ముక్కలుగా పైకి తీయాలని ఆ రోజే తేల్చారు. మొత్తంగా ఎత్తితే ఆ బరువుకి తడిసిన అంచు తెగిపోతుంది. మూడు ఇనపకాళ్ళ స్టాండు నిలబెట్టి, చైను కప్పీ కట్టి, నాలుగు రోజులు ఆయనా నేనూ గోతిలోనే ఉన్నాం. పైనుంచి ఎవరూ సైగలు చేయలేదు. ఏ బోల్టుకి ఏ పానా, ఏ పిన్ను ఎటు కొడితే ఊడుతుంది, ఏ గొట్టం ముందు విప్పితే నూనె మీద పడదు, ఆయన వేళ్ళకి ఒక్కటి కూడా తడుముకోవాల్సిన పని పడలేదు. మాట కోసమే మధ్యమధ్యలో ఆగేవారు. పానాని చూపించి "అది, అదీ" అనేవారు. నేను అందించేవాణ్ణి.

"ఎప్పట్నుంచి, మామయ్యా?" అని మూడోరోజు అడిగాను.

"పోయిన వానాకాలం నుంచి. ముందు పేర్లు పోయాయి. తర్వాత దారులు. పని మాత్రం పోదనుకున్నా." చైను పట్టుకుని అలాగే నిలబడ్డారు. "అమ్మాయికి చెప్పకు."

"మీరు కావాలని చేశారనుకుంటోంది తను."

"అనుకోనీ. అందుకేగా అవునన్నాను. కోపంగా ఉంటే వెళ్తుంది. తెలిస్తే ఉండిపోతుంది. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు పదోక్లాసు మానేసి పక్కన కూర్చుంది. నాలుగేళ్ళు. ఇంకోసారి నా పక్కన కూర్చోబెట్టనా? దానికి ఒక గది కావాలన్న ముక్క నాకూ వినపడింది, కుళాయి కట్టేసి మాట్లాడితే వినపడదా?"

"మరి మీకెవరుంటారు?"

"తట్టాయన ఉన్నాడు. ఇదిగో, దీన్ని అమ్మేస్తాను. మాట ఇవ్వు."

చెయ్యి చాపారు, నల్లగా నూనె అంటుకున్న చెయ్యి. నేను మాటిచ్చాను. జాలి పడ్డానని, గుండె చెరువైందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది సంతోషం. ఆ గోతిలోంచి, ఆ ఇంట్లోంచి నన్ను వెళ్ళిపొమ్మని ఆయన నోటితోనే అన్నారు. సిగ్గు తర్వాత వచ్చింది, వచ్చాక మాత్రం పోలేదు.

నెల ఆఖరి రోజుకి గోతి అడుగున కాంక్రీటు పడింది. ఆ పొద్దునే మా ఇంటి ముందుకి వ్యాను వచ్చింది. మంచం, రెండు పెట్టెలు, గిన్నెల మూట, కుట్టుమిషను. మామయ్య జానతో వ్యాను లోపల కొలిచి, మంచం ఇటు, పెట్టె అటు అని సర్దబోయారు.

"వదిలెయ్ నాన్నా," అంది మా ఆవిడ. "నువ్వు సర్దింది నాకేం వద్దు."

ఆయన పక్కకి జరిగారు. నేనూ డ్రైవరూ ఎలాగో కుక్కాం. తను ముందు సీట్లో ఎక్కి కూర్చుంది, తండ్రి వైపు తిరగలేదు. మామయ్య నాకేసి చూసి, బాగానే జరుగుతోందన్నట్టు కొంచెం తలూపారు.

మా వీధిలో వ్యాను గోడలకి గీసుకోకుండా వెళ్ళాలంటే నడకకంటే నెమ్మదిగా వెళ్ళాలి. సగం వీధి దాటాం. తను ఎదురుగా అద్దంలోంచి రోడ్డు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఇంక ఈ గుమ్మం తొక్కను. కబురు పెట్టినా రాను. ఒంట్లో బాలేదన్నా రాను. పోయాడని ఫోనొచ్చినా రాను, మీరూ వెళ్ళకూడదు."

ఇంకో రెండు వందల అడుగులు నోరు మూసుకుంటే రోడ్డు ఎక్కేవాళ్ళం. నేను మూసుకోలేకపోయాను. తన మీద ప్రేమతోనా, ఆయన మీద జాలితోనా, లేక అంత బరువు ఒక్కణ్ణీ మొయ్యలేకనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

"ఆ రోజు వాలు తీయించింది మీ నాన్నకి గుర్తులేదు," అన్నాను.

తను నా వైపు తిరిగింది. డ్రైవరు కూడా తిరిగి, మళ్ళీ రోడ్డు చూశాడు. అయిదో రోజు పొద్దున ఏం జరిగిందో చెప్పాను. అడ్డకర్ర సంగతి, ఆయన అడిగిన మాటలు, అన్నీ.

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానాకాలం నుంచట."

"మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండు రోజులైంది."

ఆ పదకొండు రోజులు దాచినందుకు తను నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. డ్రైవరుతో అంది, "వెనక్కి పోనివ్వండి."

"ఇక్కడ బండి తిరగదమ్మా. రోడ్డు మీదికెళ్ళి తిప్పుకొస్తా."

"తిప్పక్కర్లేదు. ఇలాగే వెనక్కి పోనివ్వండి."

డ్రైవరు తల బయటికి పెట్టి, ఏదో గొణుక్కుంటూ, వచ్చిన దారంతా వెనక్కే నడిపాడు. మామయ్య ఇంకా గుమ్మం ముందే నిలబడి ఉన్నారు. వ్యాను వెనక భాగం తన మీదికి వస్తుంటే ఆయన కదల్లేదు. అది ఆగగానే మా ఆవిడ దిగింది, ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. లోపల బియ్యం కొలిచే చప్పుడైంది.

మామయ్య నా దగ్గరికి వచ్చారు.

"మాటిచ్చావు," అన్నారు.

"ఇచ్చాను, మామయ్యా."

"మరి?"

"చెప్పకపోతే తను మిమ్మల్ని జన్మలో క్షమించేది కాదు."

ఆయన వ్యానులో కుక్కిన సామాన్లకేసి చూశారు.

"క్షమించకపోతే ఏమయ్యేది?" అన్నారు. "నేనెలాగూ మర్చిపోయేవాణ్ణే కదా."

డ్రైవరు తనకి ఇంకో కిరాయి ఉందని, తొందరగా దించమని హారన్ కొట్టాడు. మామయ్య పెద్ద పెట్టెని అంచుదాకా లాగి, ఒక పక్క తను పట్టుకుని, రెండో పక్క నన్ను పట్టుకోమన్నారు.